శాలీనుడి తోట

సీమ కథంటే కరువు, కక్షలు అన్న ముద్ర ఎంత బలంగా పడిందంటే, ప్రేమకథ రాయబోయే కర్నూలు, కడప యువకులు కూడా పాత్రల్ని గోదావరి గట్టుకో హైదరాబాదు కాఫీ షాపుకో తరలిస్తున్నారు. అంత దూరం పోనక్కర్లేదు. 16వ శతాబ్దంలో పింగళి సూరన నంద్యాల కృష్ణమరాజుకు అంకితమిచ్చిన కళాపూర్ణోదయంలో సుగాత్రీ శాలీనుల కథ ఉంది. వాళ్లకు పెళ్లయింది, కాదనేవాళ్లు లేరు. అయినా నగలతో, పూలతో ముస్తాబై వచ్చిన భార్య దగ్గరికి ఆ సిగ్గరి పోడు. ఆమె నగలు తీసేసి తోటలో అతని పక్కన చెమటోడ్చిన రోజున అతని మనసు కదిలింది. సూరన అడ్డంకిని మనిషి స్వభావంలోనే పెట్టాడు, అది తొలగడానికి ఆమె చేసిన పనిని కారణం చేశాడు. అందుకే నమ్ముతాం. కడప జిల్లాలో పుట్టిన బి.ఎన్.రెడ్డి 1951లో తీసిన మల్లీశ్వరి సినిమాలోనూ అంతే: మారువేషంలో ఉన్న రాయలతో ప్రియుడు నాగరాజు సరదాగా అన్న మాటే ప్రేమికుల్ని విడదీస్తుంది. వారపత్రికల సీరియళ్ల కాలం నుంచి మేడల్నీ కార్లనీ ఆకర్షణ అనుకుంటున్న మనం ఈ పనితనాన్ని దాటేసి పోయాం.

కవిగారి పూలతోట వేరు, బుడ్డల చేను వేరు, కూలిమనిషి చెమటలో శృంగారం వెతకడం అన్యాయం అనేవాళ్లున్నారు. గట్టి అభ్యంతరమే. కూలి, అప్పు, నడుంనొప్పి కథలో లేకపోతే ఆ చెమట కూడా మరో నగే అవుతుంది. అయితే అవన్నీ రాసి కోరికను మాత్రం చెరిపేస్తే, కరువు మనుషులకు ఆకలి తప్ప ఇంకేమీ ఉండదని తీర్పు చెప్పినట్టే. చివరికి కలుస్తారని తెలిశాక ఉత్కంఠ ఏముంటుందని ఇంకొందరంటారు. సుగాత్రి కథలో పెళ్లి ముందే అయిపోయింది కదా, అయినా వదలకుండా చదువుతాం. ఎట్లా దగ్గరవుతారన్నదే మనల్ని లాక్కుపోతుంది. ఆదోని, కోసిగి పల్లెల నుంచి గుంటూరు మిరప చేలకు సుగ్గికి, అంటే కూలి వలసకు, పోయిన జంట, నలుగురి మధ్య గుడిసెలో ఏకాంతం ఎట్లా సంపాదించుకుంటుంది? రాయచోటి వైపు ఇల్లాలు, ఏళ్ల తర్వాత కువైట్ నుంచి వచ్చిన మొగుణ్ణి ఎట్లా మళ్లీ తెలుసుకుంటుంది? మేనరికం చేసుకున్న పిల్ల, చిన్ననాటి నుంచి ‘బావా’ అని పిలిచినవాణ్ణి ఏ పొద్దు కొత్తగా చూస్తుంది? ఈ కథలు మన మాటల్లోనే రాసి మాకు పంపండి. పాత్రల ఊరు మార్చమని సంపాదకులుగా మేము అడగం.