కంబళి యిచ్చిన మరునాడు

గత క్రిస్మసు పండుగకు ముందు మన పాఠశాల విద్యార్థులు చందాలు ప్రోగుచేసి కంబళ్లు కొని, రైలుస్టేషను వెలుపల పరుండువారికి పంచిపెట్టిరి. మేమును వారి వెంట పోయియుంటిమి. పంపకము ముగియునప్పటికి రాత్రి పదిగంటలయ్యెను. ఒక వృద్ధుడు తన కంబళిని తడవి చూచి, "రాత్రికి సరేనండి పంతులుగారూ, తెల్లారితే దీన్ని ఎక్కడ పెట్టుకోమంటారు?" అని యడిగెను. మాకు ప్రత్యుత్తరము తోచలేదు. మూడు దినములైన పిమ్మట ఆ కంబళి యొక ఆటోవాని సీటుపై పరచియుండుట చూచితిమి. వృద్ధుడు దానిని యాభై రూపాయలకు అమ్ముకొనెనట. విద్యార్థులు కొందరు కోపించిరి. మాకు మాత్రము కోపము రాలేదు. తాళము వేసికొనుటకు పెట్టెయైనను లేనివానివద్ద ఏ వస్తువు నిలుచును?

ఇల్లు లేకపోవుట యనగా పైకప్పు లేకపోవుట మాత్రమేయని మనము తలంచుచుందుము. చిరునామా లేనివానికి రేషనుకార్డు దొరకుట కష్టము. కాగితములు లేనివానిని పనికి పిలుచువాడు నమ్మడు. పని లేనిదే అద్దె లేదు. అద్దె లేనిదే చిరునామా లేదు. వీథిలో పరుండువాని కాలిపుండు మానదు. పుండు మానక కూలికి పోలేడు. 2011 జనాభా లెక్కలలో మన దేశమున ఇట్టివారు 17 లక్షల 70 వేలకు పైగా తేలిరి. ఇన్ని చిక్కుముడులలో మనము సంవత్సరమునకొక రాత్రి ఒక్క దారమును లాగి, పుణ్యము కట్టుకొంటిమని యిల్లు చేరుచున్నాము.

మంచి సమరయుని కథను మన బాలురు పలుమారులు నాటకముగా ఆడియున్నారు. గాయములకు నూనెయు ద్రాక్షారసమును పోసి కట్టుకట్టు ఘట్టమునకు అందరును చప్పట్లు కొట్టుదురు. పూటకూళ్లవాని ఘట్టము తెరదించు తొందరలో గడచిపోవును. కాని ఆ దెబ్బలు తిన్నవాడు కోలుకొనుటకు ఆధారమైనది ఆ పూటకూళ్ల యిల్లే కదా! సమరయుడు అతనిని అచ్చట పరామర్శించి, మరునాడు రెండు దేనారములిచ్చి, మరేమైన ఖర్చయినచో తిరిగివచ్చునప్పుడు తీర్చెదనని మాటయిచ్చెను. ఈ తిరిగివచ్చుటయే ధర్మసంస్థల అసలు పనియని మా యభిప్రాయము.

దీనికి మన కాలపు నిదర్శనమొకటి కలదు. భరత్ వాత్వానీ, స్మిత వాత్వానీ అను దంపతులు బొంబాయిలో మనోవ్యాధులకు చికిత్సచేయు వైద్యులు. వారొకనాడు వీథిలో ఒక యువకుడు కొబ్బరిచిప్పతో మురుగుకాలువ నీరు ముంచుకొని త్రాగుచుండుట చూచిరి. అతనిచేతిలో నాలుగు నాణెములు వేసి పోవుట సులభమే. వారట్లు పోక, అతనిని తమ చిన్న ఆసుపత్రికి తోడ్కొనిపోయి మందులిచ్చిరి. అతడు తేరుకొని నోరు విప్పగా, పట్టభద్రుడనియు, వైద్యసంబంధమైన పరీక్షాశాలలలో పనిచేయుటకు శిక్షణ పొందినవాడనియు, మన ఆంధ్రదేశపు బిడ్డయే యనియు తెలియవచ్చెను! కుటుంబమువారికి కబురుపోయెను, బిడ్డ యిల్లు చేరెను. ఇట్టి అనుభవమునుండి 1988లో 'శ్రద్ధ' యను పునరావాస సంస్థ పుట్టినది. నాటినుండి వేలమందిని ఇండ్లకు చేర్చిన ఈ సేవకు వాత్వానీగారికి 2018లో రామన్ మెగసెసే పురస్కారము లభించెను.

ఆ సంస్థ పనిచేయు తీరు గమనింపదగినది. వీథిలోని రోగిని తెచ్చి స్నానము, తిండి, మందు ఇత్తురు. మతి కుదుటపడుకొలది, ఊరిపేరో, నదిపేరో, తండ్రిపేరో ఒక్కొక్కటిగా పైకివచ్చును. వానిని కూర్చుకొని, కార్యకర్త రోగితోకూడ రైలెక్కి స్వగ్రామము వెదకుచు పోవును. పరాయిదేశమున తన భాషలో "మీదే ఊరయ్యా?" అని యొకరడుగుట సగము మందువంటిదని మాకు తోచుచున్నది. తిరిగిపోవుటకు ఇల్లే లేనివారి సంగతి వేరు. అట్టి స్త్రీలకై 1993లో చెన్నపట్టణమున వెలసిన 'బాన్యన్' సంస్థ, 2015 మొదలుకొని సామాన్యులుండు వీథులలో ఇండ్లు అద్దెకు తీసికొని, కొందరేసి కలసి కాపురముండునట్లు చేయుచున్నది. ప్రక్కవాకిట ముగ్గు చూచి వీరును ముగ్గు వేసికొనవచ్చును.

ఇచ్చట ఒక వివాదము గలదు. ఇల్లు ముందా, నడవడి ముందా? రక్షణ సైన్యమను సాల్వేషన్ ఆర్మీని స్థాపించిన విలియం బూత్‌గారు 1890లో ప్రకటించిన గ్రంథమున మెట్లమార్గమును చూపిరి. మొదట పట్టణములో తిండి, పడక, పని; పిదప పొలములలో కాపురము; ఆ పిదప సముద్రముల కావల వలస. తరువాతివారును ఈ మెట్లనే నమ్మిరి. త్రాగుడు మానిన పిమ్మట, మంచివాడనిపించుకొన్న పిమ్మట, చిట్టచివర ఇల్లు. క్రింది మెట్టున జారినవాడు మరల వీథిపాలు. 1992లో న్యూయార్కున శామ్ సెంబరిస్ అను మనస్తత్వవేత్త దీనిని తలక్రిందులు చేసి, ముందు ఇల్లిచ్చి, మీదట సాయమందించు పద్ధతి నారంభించెను. 2008నుండి ఫిన్లండు ప్రభుత్వము ఇదే మార్గము పట్టెను. హెల్సింకి నగరమున 1985లో సత్రములలోను వసతిగృహములలోను 2,121 పడకలుండగా 2016 నాటికి 52 మాత్రమే మిగిలెను. ఆ నగరమున రక్షణ సైన్యమువారే తమ 250 పడకల సత్రమును మాన్పి, 2012 నాటికి సుమారు 80 విడియిండ్లుగా మార్చిరి. కాపురమున్నవాని పేరనే ఒప్పందపత్రము. అద్దె అతడే చెల్లించును, అందుకు ప్రభుత్వసాయము కలదు. పలుకరించు కార్యకర్తలు ఆ భవనమునందే యుందురు.

త్రాగుబోతునకు ఇల్లా యని తల్లిదండ్రులు కొందరు ముక్కుపై వ్రేలు వేసికొందురు. మేమును మొదట అట్లే తలంచితిమి. కాని చలిలో పరుండువాడు త్రాగుడు మానుట సులభమా, తలుపు వేసికొని పరుండువాడు మానుట సులభమా? ఫిన్లండులో సయితము 2024లో నిరాశ్రయుల సంఖ్య మరల పెరిగినది. పట్టు సడలినచో అచ్చటనైనను అంతే.

ఇంకొక మాట వ్రాయుటకు సంకోచించితిమి. బాపట్ల చేరువనున్న స్టువర్టుపురమున, 1911 నాటి నేరస్థ తెగల చట్టము క్రింద ఎరుకల కుటుంబములను చేర్చి, ప్రభుత్వము ఆ వలసను ఈ రక్షణ సైన్యమునకే యప్పగించెను. ఇండ్లు లభించెను, పాఠశాలయు వచ్చెను. కాని హాజరు పలుకవలయును. అనుమతి లేక పొలిమేర దాటరాదు. ఆ చట్టము 1952లో దేశమంతట రద్దయినను, దొంగలను ముద్ర తరములపాటు ఆ ఊరిని వీడలేదు. సాయము చేయుచున్నామను గర్వముతో గొళ్లెమును వెలుపల పెట్టకుండుట మిషనులవారమగు మనము నేర్చుకొనవలసియున్నది.

కావున ఈ యేడు కంబళ్ల చందా విషయమున మా మనవి యిది. మన పట్టణపు రాత్రివసతి గృహమునకు తాళము పడు ఇనుప పెట్టెలు కొనియిత్తము. తాళపుచెవి వాడుకొనువానివద్దనే యుండవలయును. చేవ్రాత కుదురైన పై తరగతి విద్యార్థులు శనివారముల యందు ఇద్దరేసి మావెంట వచ్చి, రేషనుకార్డులకు అర్జీలును, ఊళ్లకు ఉత్తరములును వ్రాసిపెట్టవలయును. ఒక్క శనివారము వచ్చి మానదలచినవారు పేరీయకుండుట మేలు. కంబళి అమ్ముకొనిన వృద్ధుని పేరు ఆ రాత్రి మేమడుగనేలేదు. స్టేషనువద్ద అతనికొరకు విచారించుచున్నాము. చందాలు డిసెంబరు మొదటి వారములోపల తరగతి ఉపాధ్యాయులవద్ద చేర్చవలయును.