500 డాలర్లు, 24 ఏళ్లు

పడ్జ్ హెఫెల్‌ఫింగర్ గురించి ఎక్కడ చదివినా మొదట 500 డాలర్లే కనిపిస్తాయి. 1892 నవంబర్ 12న పిట్స్‌బర్గ్‌లో ఒక్క ఫుట్‌బాల్ ఆటకి ఆయన తీసుకున్న డబ్బు అది. (సాకర్ కాదండీ, అమెరికా ఫుట్‌బాల్.) అందుకే ఆయన్ని మొదటి ప్రొఫెషనల్ ఆటగాడు అంటారు. 1893 నుంచి 1895 దాకా కాలిఫోర్నియా, లీహై, మిన్నెసోటా కాలేజీ జట్లకి వరుసగా కోచ్‌గా ఉన్నారు.

నాకు మాత్రం తర్వాతి కథే పెద్దది. 1924 నుంచి 1948 దాకా, సొంతూరు మినియాపోలిస్ ఉన్న హెన్నెపిన్ కౌంటీకి ఆయన కమిషనర్. మధ్యలో 1930లో కాంగ్రెస్‌కి పోటీ చేసి ఓడిపోయారు. అయినా కౌంటీ పని వదల్లేదు. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది అనుకోండి: రోడ్లు, పన్నులు, బడ్జెట్. అక్కడ చప్పట్లు కొట్టేవాళ్లు ఉండరు. ఆటలో వచ్చిన పేరు ఒకసారి గెలిపిస్తుందేమో, 24 ఏళ్లు నిలబెడుతుందా? ఆ 24 ఏళ్లకి ఆయన కథల్లో ఒక్క వాక్యమే దక్కడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.