రేడియేటరులో బోరు నీళ్లు: చలికాలం దాచే చేటు

డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ రోడ్లమీద చలి వణికిస్తుంది. రాత్రి షిఫ్టు ఉద్యోగులను ఇళ్లకు చేర్చే డ్రైవర్లు మఫ్లర్లు చుట్టుకొని టీ బండ్ల దగ్గర నిలబడతారు. ఆ రోజుల్లో కారు ఇంజనులో నీళ్ల సంగతి ఎవరికీ గుర్తురాదు. చలిలో బండి వేడెక్కదు కదా అని ధీమా. ఆ ధీమాయే ఏప్రిల్ వచ్చేసరికి కొంప ముంచుతోంది.

రేడియేటరులో నీటితో కలిపి పోసే కూలెంట్ చలిదేశాల వారికే గాని మనకెందుకన్నది చాలామంది వాదన. ఇందులో సగం నిజం లేకపోలేదు. నీరు గడ్డకట్టి ఇంజను పగలకుండా ఉండడానికే చలిదేశాలలో దీన్ని వాడడం మొదలైంది. సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్ కలిపితే మైనస్ 35 డిగ్రీల చలిలో కూడా గడ్డకట్టదు. మన హైదరాబాదులో 1946 జనవరి 8న 6.1 డిగ్రీలకు పడిపోయినదే రికార్డు చలి. సున్నా డిగ్రీల మాట ఈ నగరం ఎరగదు. లంబసింగి కొండలకు వెళ్లినవారికి తప్ప మంచు గడ్డ భయం మనకు లేదు.

మిగతా సగం నిజం మాత్రం ఎవరికీ పట్టడం లేదు. ఇదే హైదరాబాదులో 1966 జూన్ 2న 45.5 డిగ్రీల ఎండ కాసింది. సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైన ఉన్న ఈ ఊళ్లో మామూలు నీరు దాదాపు 98 డిగ్రీలకే మరుగుతుంది. సగం కూలెంట్ కలిపిన నీరు 105 డిగ్రీలు దాటితేగాని మరగదు. రేడియేటరు మూత బిగించి ఉంటే లోపలి ఒత్తిడి వల్ల మరిగే స్థాయి ఇంకా పైకి పోతుంది. అంతకంటె ముఖ్యం, కూలెంట్‌లో తుప్పు పట్టనివ్వని మందులు ఉంటాయి. అంటే చలిదేశం వారికి ఇది గడ్డకట్టకుండా కాచే మందు. మనకు మరగకుండా, తుప్పు పట్టకుండా కాచే మందు.

ఇక బోరు నీళ్ల సంగతి. కొండాపూర్, మాదాపూర్ అపార్టుమెంట్లలో నీళ్లు కాచే హీటరు కాయిలును బయటికి తీసి చూస్తే చాలు, తెల్లటి గార పెచ్చులు కట్టి ఉంటుంది. ఆ బోరు నీళ్లే రేడియేటరులో పోస్తే ఇంజను చుట్టూ ఉన్న సన్నని దారుల్లోనూ అదే గార పడుతుంది. గార పట్టిన కుండ త్వరగా కాగనట్లే, గార పట్టిన ఇంజను త్వరగా చల్లారదు. పైసా ఖర్చు లేదని పోసిన బకెట్టు నీళ్లు ఎంత ఖరీదైనవో అప్పుడు తెలుస్తుంది.

అంబాసిడర్ కార్ల కాలంలో డిక్కీలో నీళ్ల డబ్బా లేనిదే ఎవరూ ఊరు దాటేవారు కారు. బండి పొగలు కక్కితే చెరువు కట్టమీద ఆపి నీళ్లు పోసుకొని సాగిపోయేవారు. ఆనాటి ఇంజను ఇనుముది, రేడియేటరు రాగి, ఇత్తడిది. మొరటు బండి గనుక ఓర్చుకున్నది. నేటి కార్లలో ఇంజను హెడ్డు, రేడియేటరు రెండూ అల్యూమినియంవే. వేడి హద్దు దాటితే హెడ్డు వంగిపోతుంది, గ్యాస్కెట్ పోతుంది. తండ్రుల నాటి అలవాటు కొడుకుల బండికి పనికిరాదు.

మరో దురలవాటు కూడా ఉంది. ఎండాకాలంలో బండి వేడెక్కుతున్నదంటే కొందరు మెకానిక్కులు థర్మోస్టాట్‌ను పీకి పారేస్తారు. చల్లని ఇంజను త్వరగా వేడెక్కే దాకా నీటిని రేడియేటరుకు పోనీయకుండా ఆపే చిన్న తలుపు అది. సాధారణంగా 80, 90 డిగ్రీల మధ్య తెరుచుకుంటుంది. దాన్ని తీసేస్తే చలికాలంలో ఇంజను సరైన వేడికి రాక డీజిలు ఎక్కువ తాగుతుంది, అరుగుదల పెరుగుతుంది. అసలు రోగం గార పట్టిన రేడియేటరుదైతే, వైద్యం తలుపుకు జరిగిందన్న మాట.

ఈ ప్రాంతంలోనే ఇది పెద్ద సమస్య కావడానికి కారణం ఉంది. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటినుంచి ఇక్కడ కంపెనీలతో పాటు కార్లూ పెరిగాయి. మైండ్‌స్పేస్, బయోడైవర్సిటీ కూడళ్లలో సాయంత్రం వేళ బండి కదిలేది తక్కువ, ఆగేది ఎక్కువ. కదలని బండికి ఎదురుగాలి తగలదు, ఫ్యానే దిక్కు. ఏసీ వేస్తే దాని వేడి కూడా రేడియేటరు మీదనే పడుతుంది. చల్లగాలి ఉన్నన్నాళ్లు లోపం బయటపడదు. మార్చి ఎండ తగలగానే ముల్లు ఎర్రగీత మీదికి ఎక్కుతుంది.

అప్పుడు నష్టపోయేది ఎవరు? వెనుక సీట్లో కూర్చున్న ఉద్యోగి మరో కారు పిలుచుకొని వెళ్లిపోతాడు. జిల్లాల నుంచి వచ్చి, అప్పు చేసి కారు కొనుక్కొని, నెలనెలా కిస్తీ కట్టుకుంటున్న డ్రైవరు మాత్రం బానెట్టు లేపుకొని నిలబడతాడు. బండి షెడ్డులో ఉన్నన్ని రోజులు కూలి పోతుంది. కిస్తీ మాత్రం ఆగదు.

చేయవలసింది కష్టమైన పని కాదు. పొద్దున్నే బండి స్టార్టు చేయకముందు బానెట్టు ఎత్తి, కూలెంట్ డబ్బాలో నీరు కనిష్ఠ, గరిష్ఠ గీతల మధ్య ఉన్నదా అని చూడాలి. మాటిమాటికీ తగ్గుతుంటే ఎక్కడో కారుతున్నట్లు లెక్క. రంగు తుప్పు ఎరుపుకు తిరిగినా, గొట్టాల అతుకుల దగ్గర తెల్లటి పొక్కులు కట్టినా మెకానిక్‌కు చూపించాలి. కూలెంట్ ఎప్పుడు మార్చాలో, ఏ రకం పోయాలో కారుతో ఇచ్చిన పుస్తకంలోనే ఉంటుంది. రంగు ఒకటే గదా అని వేరు రకాలను కలపరాదు. ముందే నీళ్లు కలిపి అమ్మే రకానికి మళ్లీ నీళ్లు కలపరాదు. చిక్కటి రకాన్ని నీళ్లు కలపకుండా పోయరాదు.

దారిలో ముల్లు పైకి పోతే ఏసీ ఆపి, బండి పక్కకు తీసి, ఇంజను ఆపి, పూర్తిగా చల్లారనివ్వాలి. తొందరపడి మూత తిప్పితే సలసల కాగే నీరు ముఖాన చిమ్ముతుంది. కాలిన ఇంజనులో చన్నీళ్లు పోస్తే లోహం పగిలే ప్రమాదమూ ఉంది.

ఇంకొక హెచ్చరిక. చాలా కూలెంట్లలో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కాని విషం. కడుపులోకి పోతే కిడ్నీలు చెడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. మిగిలిన దానిని కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి ఇంట్లో పెట్టడం పసిపిల్లలున్న చోట ఎంతమాత్రం తగదు. పాత కూలెంట్‌ను కాలువలో పారబోయడమూ తప్పే. పార్కింగు స్థలాల్లో కార్ల కింద పడుకునే కుక్కలు దాన్ని నాకే అవకాశముంది.

ఈ భారమంతా డ్రైవరు మీదనే మోపడం న్యాయం కాదు. ఉద్యోగులను చేరవేయడానికి కార్లను కుదుర్చుకునే కంపెనీలు బండి కాగితాలు, సీటు బెల్టులు చూస్తున్నప్పుడు కూలెంట్ డబ్బా వంక కూడా ఒకసారి చూడాలి. జనవరిలో ఒక రోజు పెట్టుకొని తమ పార్కింగులోనే ఒక మెకానిక్ చేత అన్ని బండ్లూ పరీక్ష చేయిస్తే వారికయ్యే ఖర్చు స్వల్పం. పెట్రోలు బంకుల్లో గాలితో పాటు డిస్టిల్డ్ వాటర్ కూడా సరసమైన ధరకు దొరికే ఏర్పాటు ఉండాలి.

దుక్కికి ముందే రైతు నాగలి కర్రు సాన పట్టించుకుంటాడు. వాన పడ్డాక కమ్మరి కొలిమికి పరుగెత్తడు. ఎండలు రాకముందే, ఈ చలి రోజుల్లోనే డ్రైవర్లు రేడియేటరు సంగతి చూసుకోవాలి. లేకుంటే రేడియేటరులో బోరు నీళ్లు పోసిన బండి, చివరకు ఇంజనే బోరుకు వచ్చి షెడ్డు చేరుతుంది.