డ్రైవర్ కొనే ముందు కొలతలు

అబిడ్స్‌లో కొలతలిచ్చి సూటు కుట్టించుకునే మనిషే, నాంపల్లి, మెహదీపట్నం మీదుగా గోల్కొండ నయాఖిలా గోల్ఫ్ మైదానానికి చేరగానే డ్రైవర్ (బంతిని దూరం కొట్టే క్లబ్) విషయంలో పక్కవాడి మాట నమ్మేస్తాడు. కొత్తది కొంటే బంతి ఇరవై గజాలు ఎక్కువ పోతుందని ఆశ. ఆ ఆశకు నిబంధనలు ఎప్పుడో కళ్లెం వేశాయి. డ్రైవర్ తల 460 ఘనపు సెంటీమీటర్లు మించకూడదు. దాని ముఖం బంతిని ఎంత విసురుగా తోయవచ్చన్నదానికీ హద్దుంది. పేరున్న కంపెనీలన్నీ ఏళ్లుగా ఆ గీత దగ్గరే నిలబడి ఏటా రంగు మారుస్తున్నాయి.

కొత్త తలలు గురి తప్పిన దెబ్బను మన్నిస్తాయి కదా అంటారు. నిజమే. బరువును అంచులకు జరపడం వల్ల మధ్యలో తగలని బంతి మునుపటంత దారి తప్పదు. పదిహేనేళ్ల నాటి డ్రైవర్ పట్టుకున్నవారికి ఆ తేడా తెలుస్తుంది. రెండేళ్ల కిందటి దాన్ని మార్చేవారికి ముందుగా తెలిసేది ధరే. కొత్తదానితో బంతి దూరం పోయిందంటే లాఫ్ట్ (ముఖం వాలు) కోణమో, షాఫ్ట్ (కర్ర) పొడవో మారి ఉండవచ్చు. ఆ సర్దుబాటు చాలావరకు పాతదానికీ చేయించవచ్చు. క్లబ్ ముఖం మీద కాస్త పౌడర్ చల్లి పది బంతులు కొడితే మచ్చలు ఎక్కడ పడ్డాయో కనిపిస్తుంది. అవి చెల్లాచెదురుగా ఉంటే లోపం స్వింగ్‌ది, క్లబ్‌ది కాదు.

కొనేముందు పాతదీ కొత్తదీ ఒకే రోజు, ఒకే రకం బంతితో కొట్టి చూడండి. తేడా కనిపించకపోతే ఆ డబ్బు కోచ్‌కివ్వండి.