బతికించుకున్నాం సరే, ప్రేమించనివ్వమా?

మా సంఘంలో ఒక అమ్మాయి ఉంది. వయసు 17. ఊరి పేరు రాయం. రాస్తే మన తెలుగు వాడల్లో రెండు రోజుల్లో ఆమె ఎవరో తెలిసిపోతుంది. పుట్టుకతోనే హెచ్‌ఐవీ సోకింది. తల్లీ తండ్రీ పోయారు, అమ్మమ్మ పెంచింది. చాలా ఏళ్లు ఆమెకు అవి "బలం మాత్రలు" అనే తెలుసు. నిరుడు వేసవిలో యవనస్థుల కూటమికి మూడు రోజులు వచ్చినప్పుడు మాత్రల డబ్బా ఇంట్లోనే వదిలేసింది. ఇంటికి వెళ్లాక కూడా మళ్లీ మొదలుపెట్టలేదు. మనిషి చిక్కిపోతుంటే అడిగాం. చాలాసేపటికి నోరు విప్పింది.

"ఒక అబ్బాయి నాతో బాగా మాట్లాడుతున్నాడండీ. ఆ డబ్బా చూస్తే ఇక మాట్లాడడు."

ప్రియులారా, ఆ బిడ్డ రోగానికి భయపడి మాత్రలు మానలేదు. మనకు భయపడి మానింది. ఎందుకు భయపడదు? ఆమెకు పన్నెండేళ్లప్పుడు బుధవారం ప్రార్థనలో ఒక పెద్ద మైకు ముందు ఆమె పేరు చెప్పి, ఆ రోగం నుంచి విడుదల కలగాలని అందరిచేత ఆమెన్ అనిపించారు. మేమూ అక్కడే ఉన్నాం. మేమూ ఆమెన్ అన్నాం. మరుసటి ఆదివారం ఆమె పక్కన కూర్చోవడానికి పిల్లలు రాలేదు. ప్రార్థన విన్నపం పేరుతో మనం చేసింది చాటింపు. ఈ మాట ముందు మా మీద మేము చెప్పుకుంటున్నాం, తర్వాతే మీతో అంటున్నాం.

2004 ఏప్రిల్ 1న ప్రభుత్వం హెచ్‌ఐవీకి ఉచిత మందులు ఇవ్వడం మొదలుపెట్టింది. అప్పటికి వ్యాప్తి ఎక్కువగా ఉన్నవని గుర్తించిన 6 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, తమిళనాడు, మహారాష్ట్ర నాలుగూ ఉన్నాయి. అంటే మన వాళ్లు ఎక్కువగా బతుకుతున్న చోట్లే. అంతకుముందు ఇలా పుట్టిన పిల్లల్లో చాలామందికి మనం బాల్యంలోనే సమాధి తవ్వాం. ఇప్పుడు వాళ్లు పెరుగుతున్నారు. పదో తరగతి పాసవుతున్నారు, మీసాలు వస్తున్నాయి, అద్దం ముందు నిలబడుతున్నారు. మనం మాత్రం వాళ్లను ఇంకా ఆ పాత చావు మంచం మీదే చూస్తున్నాం. "ఏదో దేవుడి దయవల్ల బతికి ఉన్నారు, చాలదా?" అంటున్నాం. చాలదు. మందు మనిషిని బతికించేది మనిషిలా బతకడానికే.

నిజమేమిటో మన సంఘాల్లో ఎంతమంది చెబుతున్నారు? మాత్రలు సక్రమంగా వేసుకుంటూ, రక్తంలో వైరస్ పరీక్షకు దొరకనంతగా తగ్గి, అలాగే నిలిచి ఉంటే, అది కలయిక ద్వారా జీవిత భాగస్వామికి సోకదు. ఇది ఓదార్పు మాట కాదు. ఐరోపా దేశాల్లో జరిగిన పార్ట్‌నర్ అధ్యయనం ఫలితాలు 2016లో వెలువడ్డాయి. ఒకరికి హెచ్‌ఐవీ ఉండి మందు వాడుతూ, మరొకరికి లేని 888 జంటలను అందులో పరిశీలించారు. వాళ్లు కండోమ్ వాడకుండానే కాపురం చేసినా, మందు వాడుతున్న భాగస్వామి నుంచి రెండోవారికి సోకిన సందర్భం ఒక్కటీ కనబడలేదు. ఇక పిల్లలంటారా? మందు లేకపోతే తల్లి నుంచి బిడ్డకు సోకే అవకాశం నూటికి 15 నుంచి 45 దాకా ఉంటుంది. సరైన చికిత్సతో అది 5 లోపుకు దిగుతుంది.

ఈ నాలుగు ముక్కలు తెలిసిన పిల్ల మాత్ర దాచుకోదు. రేపటి కాపురం కోసమే వేసుకుంటుంది. "నీకు పెళ్లి లేదు, పిల్లల్లేరు" అని విన్న పిల్ల ఎవరి కోసం వేసుకోవాలి? ప్రేమ వల్ల ఈ పిల్లలు చెడిపోతారని పెద్దలు భయపడుతున్నారు. మేము చూసింది వేరు. ప్రేమకు తావు లేదన్న నిరాశ వల్లే వాళ్లు మందు మానేస్తున్నారు.

మన వాడల్లో దీనికి ఇంకో చిక్కు తోడవుతుంది. సోలాపూర్‌లోనో బళ్లారిలోనో బరంపురంలోనో సంతకు సరిపడా స్థానిక భాష మాట్లాడే అమ్మమ్మకు, ఏఆర్‌టీ కేంద్రంలో కౌన్సెలర్ చెప్పే వైరల్ లోడ్ సంగతి ఆ భాషలో తలకెక్కదు. పిల్లే అర్థం చేసుకుని పిల్లే అమ్మమ్మకు తెలుగులో చెప్పాలి. తన శరీరం గురించి, పెళ్లి గురించి అడగాల్సినవి అమ్మమ్మ ముందు ఎలా అడుగుతుంది?

కొందరు పెద్దలు అడుగుతారు: "అయితే పాస్టరు గారూ, దాచిపెట్టి పెళ్లి చేయమంటారా?" లేదు. మోసం మీద కాపురం కట్టమని మేము చెప్పం. తన నుంచి ఇతరులకు సోకకుండా జాగ్రత్తపడటం హెచ్‌ఐవీ ఉన్నవారి బాధ్యత అని 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టమే చెబుతోంది. పెళ్లాడబోయే మనిషికి నిజం తెలియాలి. అయితే ఆ నిజం చెప్పే నోరు ఆ బిడ్డదే కావాలి, మన మైకు కాదు. నమ్మి చెప్పిన ఇలాంటి విషయాన్ని అనుమతి లేకుండా బయటపెట్టకూడదని కూడా అదే చట్టం అంటోంది. పాస్టరుకు చెప్పుకున్న మాట నమ్మి చెప్పిన మాట కాక మరేమిటి?

"ఈ వయసులో ప్రేమలేమిటి?" అంటారు ఇంకొందరు. ఆరోగ్యంగా ఉన్న మీ అబ్బాయికి, అమ్మాయికి ఆ వయసులో మనసు కదలదా? కదిలితే బుద్ధి చెబుతాం, చదువుకోమంటాం, అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండేదాకా పెళ్లి మాట ఎత్తొద్దంటాం. వీళ్లకూ అదే చెబుదాం. వాళ్లకు ఆగమనడం వేరు, వీళ్లకు అసలు లేదనడం వేరు.

1998లో సుప్రీంకోర్టు కూడా హెచ్‌ఐవీ ఉన్నవారి వివాహ హక్కును నిలిపివేసేలా వ్యాఖ్యానించింది. 2002లో ఆ వ్యాఖ్యలు అవసరం లేనివని తానే పక్కనపెట్టింది. కోర్టు సరిదిద్దుకుంది. కుష్ఠరోగిని ముట్టిన ప్రభువును ఆరాధించే మనం, పెళ్లి ప్రకటన చదివే ముందు హెచ్‌ఐవీ రిపోర్టు తెమ్మనే సంఘాలను ఇంకా భరిస్తున్నాం. గుడ్డివాడిగా పుట్టినవాణ్ణి చూపించి ఎవరి పాపమని శిష్యులు అడిగితే, వాడిదీ కాదు, కన్నవారిదీ కాదన్నాడు ఆయన. మనం మాత్రం ఇంకా అదే ప్రశ్న అడుగుతున్నాం.

ప్రతి సంఘ కమిటీనీ ఇవి అడుగుతున్నాం. పెళ్లి ప్రకటనకు హెచ్‌ఐవీ రిపోర్టు షరతు తీసేయండి. పరీక్ష చేయించుకోవడం ఆ ఇద్దరి నిర్ణయం, కమిటీ ఫైలులో కాగితం కాదు. ఎవరి రోగాన్నీ పేరుపెట్టి మైకులో చదవకండి. యవనస్థుల కూటమికి ఏఆర్‌టీ కౌన్సెలర్‌ను పిలిచి అందరికీ కలిపి చెప్పించండి, కొందరినే వేరుగా కూర్చోబెట్టకండి. ఆసుపత్రికి వెళ్లే పిల్లకు, ఆమె ఒప్పుకుంటే, తెలుగూ స్థానిక భాషా వచ్చిన ఒక అక్కను తోడు పంపండి.

ఆ అమ్మాయి ఇప్పుడు మళ్లీ మాత్రలు వేసుకుంటోంది. ఆ అబ్బాయికి చెప్పిందా, అతడేమన్నాడు అని మీకు అడగాలని ఉంటుంది. అది ఆమె సంగతి. మేము చెప్పం.