రూటరు చెప్పలేని పాఠం

ఒమన్‌లో బాతినా తీరాన, సహం అనే చిన్న ఊళ్ళో ఉంటున్నాను. పక్కనే ఉన్న సోహార్‌లో కంపెనీల నెట్‌వర్కులు చూసిపెట్టడం నా ఉద్యోగం. అందుకని శుక్రవారం ఏ తెలుగువాళ్ళింటికి భోజనానికి వెళ్ళినా, పెరుగన్నం అయ్యాక ఓ పని తగులుతుంది. "తమ్ముడూ, మావాడి టాబ్లెట్‌లో చెత్తంతా రాకుండా ఏదైనా పెట్టివెళ్ళు" అంటారు. పెడతాను. పది నిమిషాల పని.

ఈమధ్య ఒకరింట్లో అలాగే ఫిల్టరు పెట్టి లేస్తుంటే, వాళ్ళ పెద్దమ్మాయి వచ్చింది. ఎనిమిదో తరగతి. "అంకుల్, సైన్స్ ప్రాజెక్టు పేజీ రావట్లేదు" అంది. చూస్తే, ఆ వయసులో శరీరంలో వచ్చే మార్పుల గురించిన పేజీ అది. బూతుకీ పాఠానికీ తేడా నేను పెట్టిన ఫిల్టరుకి తెలియలేదు. ఆ పేజీకి అనుమతిచ్చాను. "ఇప్పట్నించీ దానికవన్నీ ఎందుకు?" అన్నారు వాళ్ళమ్మగారు. నా దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చాక తోచిన జవాబే ఈ వ్యాసం.

ఫిల్టరు పనితీరు మనకు తెలియనిదేం కాదు. సైట్ల పేర్ల జాబితా చూసి ఆపుతుంది, లేదా మాటల్ని చూసి ఆపుతుంది. 1996లో ఏఓఎల్ ఫిల్టరు ఇంగ్లండులోని స్కన్‌థార్ప్ ఊరివాళ్ళని ఖాతాలే తెరవనివ్వలేదు, ఊరి పేరు మధ్యలో ఒక బూతుమాట ఇరుక్కుందని! ఇప్పటి ఫిల్టర్లు చాలా తెలివిమీరాయి. కానీ ఎంత తెలివైనదైనా ఆపడమే దాని పని. పిల్లల ప్రశ్నకి జవాబు చెప్పడం దానికి రాదు.

మరి ఎవరు చెప్పాలి? మన తరానికి పదో తరగతిలో ప్రత్యుత్పత్తి పాఠం రాగానే "ఇది ఇంటి దగ్గర చదువుకోండి" అన్న మాస్టారే గుర్తు. ఇంట్లో ఎవరూ నోరెత్తేవారు కారు. దాచుకుని చదివిన డాక్టర్ సమరం గారి శీర్షికలే చాలామందికి పాఠ్యపుస్తకం.

దీన్ని బడిలోకి తెచ్చే ప్రయత్నం జరక్కపోలేదు. 2005లో కేంద్రం కౌమార విద్యా కార్యక్రమం మొదలుపెట్టింది. బొమ్మలు అసభ్యంగా ఉన్నాయనీ, మన సంస్కృతికి పడదనీ గొడవ లేచింది. 2007లో మహారాష్ట్ర, కర్ణాటక, మధ్యప్రదేశ్, గుజరాత్ లాంటి రాష్ట్రాలు దాన్ని ఆపేశాయి. 2009లో మన వెంకయ్యనాయుడు గారి అధ్యక్షతన రాజ్యసభ పిటిషన్ల సంఘం బళ్ళలో లైంగిక విద్య వద్దని నివేదిక ఇచ్చింది.

అభ్యంతరం చెప్పినవాళ్ళందరినీ చాదస్తులని కొట్టిపారెయ్యను. తమ పిల్లలకి ఏం చూపించబోతున్నారో ముందుగా తమకి చూపించమనడం తల్లిదండ్రుల హక్కు. కానీ మన వృత్తిలో బగ్ దొరికితే ఏం చేస్తాం? సరిచేస్తాం. ప్రాజెక్టునే మూసెయ్యం కదా!

సరిగ్గా ఆ 2007లోనే కేంద్ర మహిళా శిశు సంక్షేమ శాఖ పిల్లలపై వేధింపుల గురించి ఒక అధ్యయనం ప్రచురించింది. 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లల్ని అడిగితే, 53 శాతం మంది ఏదో ఒక రకమైన లైంగిక వేధింపుకి గురయ్యామన్నారు. ఎక్కువగా నమోదైన రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. వేధించినవాళ్ళలో సగం మంది పిల్లలకి తెలిసినవాళ్ళే. ఈ ప్రమాదం రూటరు గుండా రాదు. తలుపు తట్టి, "ఏమ్మా, బాగున్నావా?" అంటూ లోపలికొస్తుంది. దానికి ఫిల్టరెక్కడ పెడతాం? జరిగింది తప్పని తెలియాలి, చెప్పుకోవడానికి మాటలుండాలి. పోక్సో చట్టం 2012లో వచ్చింది నిజమే. కానీ నోరు తెరవలేని పిల్లకి చట్టం ఏం చేస్తుంది? 2024 సెప్టెంబరులో పిల్లల అశ్లీల దృశ్యాల కేసులో తీర్పు చెబుతూ సుప్రీంకోర్టు కూడా సమగ్ర లైంగిక విద్య గురించి ఆలోచించమని కేంద్రానికి సూచించింది.

ఇక మన పని. గల్ఫ్‌లో మన పిల్లలు చాలామంది సీబీఎస్ఈ బళ్ళలోనే చదువుతున్నారు. ఫీజుల గురించి, బస్సుల గురించి బడివాళ్ళని గట్టిగా అడుగుతాం. ఈ మూడూ కూడా అడుగుదాం. పుస్తకంలో ఉన్న పాఠాన్ని దాటెయ్యకుండా చెప్పండి. చెప్పే టీచరుకి ముందు శిక్షణ ఇప్పించండి. ఏ తరగతిలో ఏం చెబుతారో మాకు ముందే చూపించండి. బిడియంగానే ఉంటుంది, నాకూ ఉంది. మా అమ్మాయికి పదేళ్ళు.

వచ్చే శుక్రవారం ఎవరైనా ఫిల్టరు పెట్టమంటే మళ్ళీ పెడతాను. కాకపోతే లేచేముందు ఒకమాట అడుగుతాను: "అక్కా, ఇది ఆపేవాటి గురించి పిల్లలు అడిగితే, జవాబు ఎవరు చెబుతారు?"