ఎంత రాయాలో చెప్పని చీటీ

ఎగ్జిమా ఎర్రగా పొంగిన చేతులకు క్లోబెటసాల్ అనే గాఢమైన స్టెరాయిడ్ పూతమందు ఇస్తే, మందుల చీటీ మీద చాలాసార్లు 'రోజుకు రెండుసార్లు' అనే ఉంటుంది; ఎంత, ఎన్నాళ్లు అన్నది ఉండదు. చూపుడువేలి చివరి కణుపు పొడవునా పిండితే సుమారు అర గ్రాము; పెద్దవాళ్ల రెండు అరచేతులంత మేరకు అది చాలు. ఈ కొలతా, గడువూ తెలియకే కొందరు నెలల తరబడి పూసి చర్మం పలచన చేసుకుంటున్నారు. నా బెంగ మాత్రం స్టెరాయిడ్ అంటే భయపడేవాళ్ల గురించే. చుక్క రాసి, మంట పూర్తిగా ఆరకముందే మానేస్తారు. దురద తిరగబెడుతుంది, మళ్లీ అదే ట్యూబు. ఏడాది మొత్తం చూస్తే వాళ్లు పూసిందే ఎక్కువ కావచ్చు. ఉధృతంగా ఉన్నప్పుడు సరిపడా రాసి రెండు వారాల్లోపు ఆపడమే భద్రం (ముఖానికి, గజ్జలకు, ఫంగస్ వల్ల వచ్చే తామరకు మాత్రం వద్దు). ఆ ఆపే తేదీని డాక్టరు చీటీ మీదే రాసివ్వాలి.